కాటో యూనిట్రాక్ సమీక్ష: మోడల్ రైళ్లు మొదలుపెట్టే కుర్రకారుకు సరిపోతుందా?

మోడల్ రైలు సెట్ కొనేటప్పుడు అందరి చూపూ ఇంజిన్ మీదే ఉంటుంది. అట్టపెట్టె మీద ఉండేది ఇంజిన్ బొమ్మే, పిల్లలు అడిగేదీ ఇంజిన్ గురించే. కానీ ఆ సెట్ ఆర్నెల్ల తరువాత కూడా నడుస్తుందా, అటకెక్కుతుందా అన్నది తేల్చేవి పట్టాలు. చుట్టుకోసారి పట్టా తప్పే రైలుతో, వేలితో నెడితే తప్ప కదలని ఇంజిన్‌తో పదమూడేళ్ల పిల్లవాడు ఎంతకాలం ఓపిక పడతాడు? అందుకే ఈ సమీక్షలో ఇంజిన్ సంగతి తక్కువ, పట్టాల సంగతి ఎక్కువ.

ఇక్కడ చూస్తున్నది జపాన్ కంపెనీ కాటో చేసే ఎన్ స్కేలు యూనిట్రాక్. ముఖ్యంగా ఎం1 అని పిలిచే మొదటి సెట్, ఆ తరువాత దానికి జోడించే పాయింట్లు, అంటే రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు. ఎం1లో ఉండేవి కోడిగుడ్డు ఆకారంలో తిరిగే పట్టాలు, ఒక కంట్రోలర్, అంతే. రైలు ఉండదు. రైలు కూడా కలిపి అమ్మేదాన్ని స్టార్టర్ సెట్ అంటారు. రెండింటి పెట్టెలూ చూడ్డానికి ఒకేలా అనిపిస్తాయి కాబట్టి, ఏది కొంటున్నారో చూసుకుని కొనండి. పట్టాలు మాత్రమే వచ్చి, వాటి మీద నడిపేందుకు ఏమీ లేక పిల్లలు మొహం వేలాడేయడం కొత్తేమీ కాదు.

తీర్పు ముందే చెప్పేస్తే: బల్ల మీద పరిచి, నడిపి, మళ్లీ సర్ది పెట్టెలో పెట్టుకోవాల్సిన పరిస్థితి ఉన్నవాళ్లకు ఇంతకంటే నమ్మకమైన మొదలు దొరకడం కష్టం. చేతులు చిన్నవైన ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం వద్దు. దీని పాయింట్లలో ఒక రకానికి కాస్త చేతిపని కావాలి. శాశ్వతమైన, అచ్చం నిజం పట్టాల్లా కనిపించే లేఅవుట్ కట్టాలనుకునేవాళ్లకు ఇది చివరి మజిలీ కాదు.

ఎన్ స్కేలా, హెచ్‌ఓనా?

ఎన్ స్కేలు అంటే నిజం రైలుకు 160వ వంతు, పట్టాల మధ్య దూరం, అంటే గేజి, 9 మిల్లీమీటర్లు. జపాన్ మామూలు రైళ్ల మోడళ్లు 150వ వంతులో, బ్రిటన్‌వి 148వ వంతులో ఉంటాయి కానీ అన్నీ ఆ 9 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి. హెచ్‌ఓ 87వ వంతు, దాని గేజి 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే ఓఓ 76వ వంతే అయినా గేజి అదే 16.5. టీటీ 120వ వంతు, 12 మిల్లీమీటర్లు. 2022లో హార్న్‌బీ ఈ స్కేలులోకి దిగాక బ్రిటన్‌లో దీని పేరు మళ్లీ వినిపిస్తోంది.

ఈ అంకెలకు బల్ల మీద అర్థం ఏమిటంటే, హెచ్‌ఓ సెట్లలో సాధారణంగా వచ్చే వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు, అంటే 457 మిల్లీమీటర్లు. చుట్టు తిరగడానికే మీటరు వెడల్పు బల్ల కావాలి. యూనిట్రాక్ ఎం1లో వంపు 315 మిల్లీమీటర్లు, ఒక్కో ముక్క 45 డిగ్రీలు, ఎనిమిది ముక్కలకు వృత్తం పూర్తవుతుంది. పట్టాల కింద కంకర దిమ్మలా ఉండే ప్లాస్టిక్ రోడ్‌బెడ్ వెడల్పు 25 మిల్లీమీటర్లు కలుపుకున్నా మొత్తం 655 మిల్లీమీటర్లలో సరిపోతుంది. దానికి ఒక్కో పక్కన రెండేసి 248 మిల్లీమీటర్ల నిటారు ముక్కలు కలిపితే పొడవు 1151 అవుతుంది. చదువుకునే బల్ల ఒకటి ఖాళీ చేస్తే చాలు. అంచుకు దగ్గరగా మాత్రం పరచకండి, పట్టా తప్పిన ఇంజిన్ నేల మీద పడితే బాగుచేసే పని మోడలర్లకే తలనొప్పి.

హెచ్‌ఓకు ఉన్న మేలు ఒక్కటే కానీ చిన్నది కాదు: పట్టాల మీద పెట్టడం సులువు, వేళ్లతో పట్టుకుని బాగుచేయడం సులువు. ఎన్ స్కేలులో వ్యాగన్ ఎనిమిది చక్రాలనూ 9 మిల్లీమీటర్ల మధ్య కూర్చోబెట్టాలంటే చూపూ ఓపికా ఉండాలి. రీరైలర్ అనే ప్లాస్టిక్ వాలుబల్ల ఉంటే పని తేలిక: పట్టా మీద పెట్టి, దాని మీదుగా పెట్టెను జారవిడిస్తే చక్రాలు వాటంతట అవే గాడిలో పడతాయి. సెట్‌తో రాకపోతే విడిగా కొనదగ్గ మొదటి వస్తువు ఇదే.

అసలు గొప్పతనం అతుకులోనే

యూనిట్రాక్ ముక్కలను కలిపేది యూనిజాయినర్. మామూలు పట్టాల్లో అతుకు అంటే రేకుతో చేసిన చిన్న తొడుగు మాత్రమే. పట్టాలను దగ్గరగా పట్టి ఉంచే పని, కరెంటు దాటించే పని రెండూ ఆ రేకే చేయాలి. నాలుగుసార్లు విప్పి బిగిస్తే అది వదులైపోతుంది, ఆ చోట ఇంజిన్ ఆగుతుంది. యూనిజాయినర్‌లో ఈ రెండు పనులనూ విడదీశారు. ముక్కలను పట్టి ఉంచేది ప్లాస్టిక్ క్లిప్పు, కరెంటు దాటించేది దాని లోపల ఉన్న లోహం. అందుకే మళ్లీ మళ్లీ విప్పి కట్టినా తట్టుకుంటుంది. ఇక వదులైందనిపిస్తే జాయినర్ ఒక్కటే లాగేసి కొత్తది పెట్టవచ్చు, పట్టా ముక్క పారేయక్కర్లేదు. విడి జాయినర్ల పెట్టె నంబరు 24-815. ఒక పెట్టె దగ్గర ఉంచుకోవడం మంచిది.

బిగించేటప్పుడు రెండు ముక్కలనూ చదునైన బల్ల మీద ఆనించి, సూటిగా ఒకదానిలోకి ఒకటి నెట్టాలి. టక్కున చప్పుడు వస్తుంది. గాల్లో పట్టుకుని బిగిస్తే పట్టా అంచు జాయినర్ లోపలికి వెళ్లకుండా దాని మీద ఎక్కి కూర్చోవచ్చు. కంటికి తెలియదు కానీ గోరుతో అతుకు మీద గీస్తే తగులుతుంది. గోటికి తగిలింది చక్రానికీ తగులుతుంది. కొత్తవాళ్ల రైళ్లు ఎప్పుడూ ఒకే చోట పట్టా తప్పుతుంటే పదింట ఎనిమిది సార్లు కారణం ఇదే అనుకుని మొదట దీన్నే చూడండి. విప్పేటప్పుడు కూడా సూటిగానే లాగాలి. పక్కకు వంచి విరిచినట్టు తీస్తే క్లిప్పు సాగిపోతుంది. పిల్లలకు మొదటిరోజే నేర్పాల్సిన అలవాటు ఇది, ఇంజిన్ నడపడం తరువాత.

పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులో వెండి ఉంది కానీ అందులో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమ లోహం. ఉక్కు పట్టాలు తుప్పు పడతాయి, ఆ తుప్పు కరెంటును అడ్డుకుంటుంది. నికెల్ సిల్వర్ మీద పట్టే పొర అంతగా అడ్డం రాదు. ఏ కంపెనీ సెట్ కొన్నా ఈ ఒక్కటి అడిగి తెలుసుకోండి. ఉదాహరణకు బాక్‌మన్ ఈజీ ట్రాక్‌లో రెండు రకాలున్నాయి: నల్ల రోడ్‌బెడ్ ఉన్నది ఉక్కు, బూడిదరంగు రోడ్‌బెడ్ ఉన్నది నికెల్ సిల్వర్. చౌకగా కనిపించే పెట్టెలో ఏ రంగు ఉందో చూసుకోవాలి. యూనిట్రాక్‌లో ఆ తిప్పలు లేవు.

పట్టా ఎత్తు కోడ్ 80, అంటే అంగుళంలో వెయ్యికి 80 వంతులు, దాదాపు 2 మిల్లీమీటర్లు. ఎన్ స్కేలుకు ఇది కొంచెం ఎత్తే, దగ్గరనుంచి చూస్తే నిజం పట్టాల కంటే మొరటుగా ఉంటుంది. నాజూకు కావాలంటే కోడ్ 55 పట్టాలున్నాయి, పీకో, అట్లాస్ రెండూ చేస్తాయి. కానీ పాత వ్యాగన్ల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి, అట్లాస్ కోడ్ 55 మీద అవి మేకుల తలలకు తగిలి టకటకలాడతాయి. కుర్రవాళ్ల చేతికి వచ్చేవి ఎక్కువగా ఎవరో వాడి ఇచ్చిన పాత పెట్టెలే. కోడ్ 80 మీద అవన్నీ తేలిగ్గా నడుస్తాయి. అందం కొంచెం తగ్గినా ఈ దశలో ఇదే సరైన బేరం.

కంట్రోలర్, మొదటి గంట

పవర్ ప్యాక్, అంటే పైన చెప్పిన కంట్రోలర్, 12 వోల్టుల డీసీ ఇస్తుంది. గుండీ తిప్పితే వేగం, మీట మారిస్తే దిశ. ఫీడర్ ముక్క అనే 62 మిల్లీమీటర్ల చిన్న పట్టాకు నీలం, తెలుపు తీగలు వస్తాయి, వాటిని ప్యాక్‌కు తగిలిస్తే పని అయిపోయినట్టే. టంకం వేయక్కర్లేదు, తీగలు ఒలవక్కర్లేదు. పెట్టె విప్పిన అరగంటలో రైలు నడుస్తుందన్న మాట నిజమే.

కొత్త ఇంజిన్‌ను మొదట పెట్టెలేమీ తగిలించకుండా మధ్యరకం వేగంతో ఒక దిశలో అరగంట, ఇంకో దిశలో అరగంట తిప్పాలి. గేర్లలో గ్రీజు సమంగా పాకుతుంది, బ్రష్షులు కుదురుకుంటాయి. ఈ గంట పిల్లలకు యుగంలా అనిపిస్తుంది కానీ తరువాత నెమ్మదిగా కదిలేటప్పుడు తేడా కనిపిస్తుంది.

వేగం గురించి ఒక లెక్క. పైన చెప్పిన చుట్టు పొడవు, వంపులు 1979 మిల్లీమీటర్లు, నిటారువి 992, మొత్తం దాదాపు 2.97 మీటర్లు. 160వ వంతు రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నట్టు కనిపించాలంటే సెకనుకు 10.4 సెంటీమీటర్లు కదలాలి, అంటే చుట్టుకు 28 సెకన్లు పైచిలుకు. గుండీ పూర్తిగా తిప్పి ఆరు సెకన్లకో చుట్టు తిప్పితే అది గంటకు 285 కిలోమీటర్లు. గూడ్సు బండిని అలా పరిగెత్తిస్తే అవతల బల్ల కిందికి పోతుంది మరి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 28 సెకన్లకు సరిగ్గా తెమ్మనండి. ఆట మధ్యలోనే స్కేలు అంటే ఏమిటో బుర్రకెక్కుతుంది.

రెండో ఫీడర్ కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. నీలం తీగ ఎప్పుడూ ఒకే పక్క పట్టాకు రావాలి. ముక్కను తిప్పి పెట్టేస్తే నీలం, తెలుపు కలిసిపోయి షార్ట్ అవుతుంది, ప్యాక్ రక్షణ పని చేసి ఆగిపోతుంది. ప్యాక్ పాడైందని కంగారుపడి దుకాణానికి పరుగెత్తకముందు రెండో ఫీడర్ పీకి చూడండి. అసలు రెండో ఫీడర్ ఎప్పుడు కావాలి? ఫీడర్‌కు ఎదుటి చివర ఇంజిన్ నెమ్మదిస్తే కావాలి. ప్రతి అతుకులోనూ కొంచెం కరెంటు పోతుంది కాబట్టి, రెండు మీటర్లకో ఫీడర్ అనుకుంటే చిక్కు ఉండదు. తీగలున్న యూనిజాయినర్లు విడిగా దొరుకుతాయి, ఏ అతుకులోనైనా పెట్టుకోవచ్చు.

పాయింట్లు: ఇక్కడే అసలు పని

చుట్టూ తిరిగే రైలును చూడటం వారంలో విసుగొస్తుంది. రైలును పక్కకు మళ్లించడం, వ్యాగన్లను విడదీసి వదిలిపెట్టడం, ఇంకో రైలుకు దారివ్వడం, ఈ హాబీ మనిషిని పట్టుకునేది అక్కడ. కాబట్టి రెండో కొనుగోలు రెండో ఇంజిన్ కాకూడదు, పాయింట్లు కావాలి. వీ1 అనే సెట్‌లో ఒక కుడి, ఒక ఎడమ నంబరు 6 పాయింట్లు, వాటిని మార్చే స్విచ్చులు, లూప్ లైనుకు కావాల్సిన ముక్కలు వస్తాయి.

దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. వీ1 తెచ్చి పెడదామంటే, పైన లెక్కేసిన, పక్కకు రెండేసి నిటారు ముక్కలున్న చుట్టులో అది పట్టదు. నంబరు 6 పాయింటు పొడవు 186 మిల్లీమీటర్లు. దాని నుంచి 15 డిగ్రీలు పక్కకు వెళ్లిన దారిని మళ్లీ సమాంతరంగా తెచ్చే 718 వ్యాసార్ధపు వంపుకు ఇంకో 186. రెండు చివరలా ఇలాగే కాబట్టి నాలుగు 186లు, మొత్తం 744. మధ్యలో కనీసం ఒక 248 ముక్క సమాంతరంగా ఉండాలంటే మొత్తం 992, అంటే సరిగ్గా నాలుగు 248 ముక్కల పొడవు. ఎదుటి పక్కన కూడా నాలుగు ఉంటేనే చుట్టు కలుస్తుంది. చుట్టు పొడవు అప్పుడు 1647 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. బల్ల కొలిచి చూసుకున్నాకే వీ1 కొనండి. ఈ లైన్ల మధ్య దూరం సుమారు 49 మిల్లీమీటర్లు వస్తుంది, వేళ్లు పట్టేంత చోటుంటుంది. అది కలిసొచ్చే విషయమే.

చోటు తక్కువైతే నంబరు 4 ఉంది. పొడవు 126, పక్క దారి వంపు 481, లైన్ల మధ్య దూరం 33 మిల్లీమీటర్లు. ఆ లూప్ సుమారు మూడు నిటారు ముక్కల్లో ఇమిడిపోతుంది. ముక్కల పట్టికలో 60, 62, 64 మిల్లీమీటర్ల చిన్న పట్టాలు ఎందుకున్నాయా అని చూసినవాళ్లు తల గోక్కుంటారు. ఇలాంటి రెండు, నాలుగు మిల్లీమీటర్ల తేడాలు సర్దడానికే అవి. సర్దకుండా ‘ఫర్వాలేదు, బిగిస్తే కలుస్తుంది’ అని లాగి బిగిస్తే ఆ ఒత్తిడి వేరే అతుకులోకి పోయి అక్కడ పట్టా తప్పుతుంది. ఈ రకం తప్పు పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే లోపం ఒకచోట, రైలు పడేది ఇంకోచోట.

నంబరు 4కు ఉన్న పేరు అంత మంచిది కాదు. కదిలే పట్టా కొన, అంటే బ్లేడు, కొంచెం మందంగా ఉంటుంది. ఎదురుగా వచ్చే చిన్న చక్రం, ముఖ్యంగా ఇంజిన్ ముందుండే తేలికైన చక్రం, ఆ కొన మీదికి ఎక్కి తప్పు దారి పడుతుంది. దీనికి మందు తెలిసిందే. సన్నని నగల ఆకురాయితో బ్లేడు కొనను లోపలి వైపు నుంచి కత్తి అంచులా పలచగా అరగదీయాలి, పైభాగాన్ని కొంచెం వాలుగా చేయాలి. ఎక్కువ అరగదీస్తే వెనక్కి రాదు. నాలుగు గీతలు గీయడం, వ్యాగన్ చేత్తో తోసి చూడటం, మళ్లీ నాలుగు గీతలు. చివర్లో లోహపు పొడి పూర్తిగా తుడవాలి. పదిహేనేళ్లవాళ్లు ఈ పని ఇష్టంగా చేస్తారు. పదేళ్లవాళ్లకైతే నంబరు 6 కొనిపెట్టండి, ఇద్దరికీ ప్రాణం సుఖం.

పాయింటు మార్చే సోలినాయిడ్, అంటే కరెంటుతో లాగే తీగచుట్ట, రోడ్‌బెడ్ లోపలే ఉంటుంది, పక్కన చేత్తో జరిపే చిన్న మీట కూడా ఉంటుంది. స్విచ్చులు కొనేదాకా దాంతో నడిపేయవచ్చు. కాటో స్విచ్చు ఒక్క క్షణం మాత్రమే కరెంటు పంపుతుంది. పిల్లలు ఎలక్ట్రానిక్స్ సరదాతో సొంత బటన్ పెట్టాలనుకుంటే నొక్కినంతసేపే పనిచేసే బటన్ వాడాలి, అదీ ఒక క్షణమే నొక్కాలి. ఆన్‌లో ఉండిపోయే స్విచ్చు పెడితే కాయిల్ మాడిపోతుంది.

ఇంకో మంచి గుణం: నంబరు 6 పాయింటు ఏ దారికి తిరిగి ఉందో ఆ దారికే కరెంటు ఇస్తుంది. లూప్‌కు రెండు చివరలా పాయింట్లు మెయిన్ లైనుకు తిప్పి ఉంచితే లూప్‌లో నిలబడ్డ ఇంజిన్ కదలదు. తీగల పని ఏమీ లేకుండా ఒకే కంట్రోలర్‌తో రెండు రైళ్లను వంతులవారీగా నడపవచ్చు. రెండు పాయింట్లూ ఎప్పుడూ కలిసి మారాలి. ఒకటి మరచిపోతే బయటికొచ్చే రైలు తనకు మూసి ఉన్న పాయింటులోకి వెళ్లి పట్టా తప్పుతుంది. నంబరు 4లో ఈ ఏర్పాటు కావాలో వద్దో అడుగున ఉన్న మరలతో ఎంచుకోవచ్చు. తరువాత డీసీసీకి, అంటే ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో నంబరిచ్చి విడివిడిగా నడిపే డిజిటల్ పద్ధతికి మారాలనుకుంటే, ఆ మరలు మార్చి అన్ని దారుల్లోనూ కరెంటు ఉండేలా పెట్టుకుంటారు. ఇంజిన్ లోపల ఆ నంబరును గుర్తుపట్టే చిప్పును డీకోడర్ అంటారు; కొత్త డీకోడర్లన్నీ సాధారణంగా 3 అనే నంబరుతో వస్తాయి, రెండో ఇంజిన్ కొనగానే నంబరు మార్చకపోతే రెండూ కలిసి బయల్దేరతాయి. డీసీసీ మొదటి ఏడాదిలో అక్కర్లేదని మా అభిప్రాయం.

వంతెన, ఎత్తు

పియర్లు, అంటే పట్టాలను ఎత్తిపట్టే స్తంభాలు, కొని ఒక లైను మీదుగా ఇంకో లైను పోనివ్వాలని ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. ఎన్ స్కేలులో కింద రైలు దూరాలంటే పై పట్టా సుమారు 50 మిల్లీమీటర్లు లేవాలి. రెండు శాతం వాలుతో ఎక్కించాలంటే 2.5 మీటర్ల దారి కావాలి, నాలుగు శాతమైతే 1.25 మీటర్లు. దిగడానికి మళ్లీ అంతే. నాలుగు శాతం మీద, అందులోనూ వంపులో, చిన్న ఇంజిన్ నాలుగైదు పెట్టెలకే చక్రాలు జారుస్తుంది. మోటారు బలం లేక కాదు, బరువు చాలక. ఒక బల్ల మీద ఈ ఆశ తీరడం కష్టమని ముందే చెప్పడం మేలు.

నడవనప్పుడు ఎక్కడ చూడాలి

ఇంజిన్ ఆగి ఆగి నడుస్తుంటే మురికి. కంట్రోలర్‌ను తిట్టుకోకండి. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నూలు పోగులు రాలని గుడ్డకు కొద్దిగా తడిచేసి పట్టాల పైభాగం, లోపలి అంచు తుడవాలి. ప్యాక్ ఆపేసి తుడవండి, ఆరాకే మళ్లీ కరెంటు ఇవ్వండి, అది మండే ద్రవం. ఎమరీ కాగితంతో రుద్దమని చెప్పేవాళ్ల మాట వినకండి. అది చేసే గీతల్లో మురికి ఇంకా తొందరగా చేరుతుంది. పట్టాలు తళతళలాడుతున్నా ఆగుతుంటే మురికి చక్రాల మీద ఉంది. వ్యాగన్ చక్రాలను దూదిపుల్లతో తుడిస్తే నల్లగా వస్తుంది చూడండి. ఇంజిన్ చక్రాల్లో రబ్బరు పట్టీ ఉన్నవాటికి ఆల్కహాల్ తగలనీయకండి, పట్టీ గట్టిపడి ఊడిపోతుంది.

తివాచీ మీద ఎప్పుడూ పరచవద్దు. దాని పోగులు ఇరుసులకు చుట్టుకుని గేర్లలోకి పోతాయి. ఒకసారి చుట్టుకున్నాక ఇంజిన్ అడుగు మూత విప్పి చిమటాతో ఒక్కొక్కటే లాగాలి. శాశ్వతంగా ఒకచోట ఉంచగలిగితే లోపల బోలుగా ఉండే తలుపు చెక్కను బల్లగా వాడటం ఎన్ స్కేలువాళ్ల పాత పద్ధతి, తేలిగ్గా ఉంటుంది, వంగదు. థర్మాకోల్ లాంటి ఫోమ్ మీద అతికిస్తే జిగురు పెట్టె మీద ‘ఫోమ్‌కు పనికొస్తుంది’ అని ఉందో లేదో చూసుకోండి. ఘాటు వాసన వచ్చే జిగుర్లు ఫోమ్‌ను కరిగించేస్తాయి.

ఒకే వ్యాగన్ ఎక్కడపడితే అక్కడ పట్టా తప్పుతుంటే లోపం ఆ వ్యాగన్‌దే. బరువు తూచండి. అమెరికాలో 1935లో మొదలైన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం ఎన్ స్కేలు వ్యాగన్‌కు అర ఔన్సు, ఆపైన పొడవులో అంగుళానికి 0.15 ఔన్సు ఉండాలి. 100 మిల్లీమీటర్ల వ్యాగన్ అయితే దాదాపు 31 గ్రాములు. తక్కువైతే లోపల నేలకు చిన్న ఇనుప నట్లు అతికించవచ్చు, కానీ రెండు చివరలకూ సమంగా. పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కప్లింగ్ కూడా చూడండి. ఎన్ స్కేలులో పాత రాపిడో కొక్కెం, కొత్తరకం పిడికిలి ఆకారపు కప్లర్ రెండూ తిరుగుతున్నాయి, ఒకదానికొకటి తగులుకోవు. చేతికొచ్చిన పాత వ్యాగన్లు కొనేముందు ఇది అడగాలి.

పొడవాటి పాసింజరు పెట్టెల విషయంలో 315 వంపు అంచుమీద ఉంది. 85 అడుగుల పెట్టె 160వ వంతులో 162 మిల్లీమీటర్లు. వంపు వ్యాసార్ధం పొడవైన పెట్టెకు కనీసం రెండింతలు, కళ్లకు నచ్చాలంటే మూడింతలు ఉండాలన్నది మోడలర్ల లెక్క. రెండింతలే 324 అయింది. నడుస్తుంది, కానీ వంపులో పెట్టె మధ్యభాగం లోపలికి, చివరలు బయటికి బాగా పొడుచుకొస్తాయి. 348, 381 వంపులు కొనుక్కుంటే చూపు బాగుంటుంది. ట్రాములు, పొట్టి ఇంజిన్లు ఇష్టపడేవాళ్లకు 117, 150, 183 వ్యాసార్ధపు చిన్న వంపులూ ఉన్నాయి, పుస్తకాల అరలో కూడా ఒక ఊరు కట్టేయవచ్చు.

జపాన్‌దే అయిన టోమిక్స్ ఫైన్ ట్రాక్ దీనికి గట్టి పోటీ. అక్కడ నిటారు ముక్క 280, లైన్ల మధ్య దూరం 37. పట్టాలు మంచివే, చిన్న చిన్న ముక్కల ఎంపిక ఇంకా ఎక్కువ. రెండూ నేరుగా కలవవు, కొలతలూ కలవవు. ఏదో ఒకటి పట్టుకుని దాంతోనే ఉండండి. పక్కవీధిలో స్నేహితుడి దగ్గర ఏముందో అదే కొనడం అన్నిటికంటే తెలివైన పని, ఎందుకంటే ముక్కలు కలిపి పెద్ద లైను వేయవచ్చు.

యూనిట్రాక్‌నే మొదట ఎంచుకోమనడానికి ఆఖరి కారణం టీ-ట్రాక్. ఇది మాడ్యూళ్ల పద్ధతి. ఒక్కొక్కరూ 308 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న చెక్క పెట్టె చేసుకుని, దాని మీద 248, 62 ముక్కలతో రెండు లైన్లు పరుస్తారు. పట్టాలు 310 అవుతాయి, పెట్టెకు ఇటో మిల్లీమీటరు అటో మిల్లీమీటరు బయటికి వస్తాయి. బల్ల మీద పక్కపక్కన పెట్టి నెడితే యూనిజాయినర్లే మాడ్యూళ్లను కలిపేస్తాయి, బోల్టులు అక్కర్లేదు. మూలలకు 365 మిల్లీమీటర్ల చదరపు పెట్టెలు. తీగల వరుస ముందునుంచి వెనక్కి నీలం, తెలుపు, తెలుపు, నీలం. ఇదొక్కటి తప్పితే మీ మాడ్యూల్ దగ్గర అందరి రైళ్లూ ఆగుతాయి. మిగతాదంతా, కొండా, ఊరా, స్టేషనా, సొంత ఇష్టం. ఇంట్లో చోటులేని కుర్రవాడు కూడా ఒక సంచిలో తన లేఅవుట్ పట్టుకెళ్లి నలుగురితో కలిసి నడపగలడు. నలుగురు కుర్రాళ్లు కలిసి కొనుక్కోవాలనుకుంటే ఒక ఎం1, మూలల్లో లోపలి లైనుకు 282 వ్యాసార్ధపు 45 డిగ్రీల వంపులు ఎనిమిది, నాలుగు మాడ్యూళ్లకు సరిపడా 248, 62 ముక్కలు, విడి జాయినర్ల పెట్టె ఒకటి తీసుకుంటే చాలు. చుట్టు పూర్తిచేసే నాలుగు మూలల పెట్టెలు తలా ఒకటి కట్టుకోండి. ఇంజిన్ మాత్రం ఎవరిది వాళ్లు ఎంచుకోనివ్వండి.